గాలికి చెక్‌పోస్టు లేదు

వేప్పనపల్లిలో పుట్టి పెరిగినవారికి మూడు రాష్ట్రాల సంగతి ఒకరు చెప్పవలసిన పని లేదు. ఒక దిక్కుకు పోతే కుప్పం, ఇంకొక దిక్కుకు పోతే కోలారు సీమ, దక్షిణానికి దిగితే కృష్ణగిరి. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, సంతలో అవసరాన్ని బట్టి కన్నడం. ఇట్లా తరతరాలుగా మన కాపురాలు సాగుతూ వచ్చినవి. పిల్లనిచ్చింది ఒక రాష్ట్రంలోనైతే, తెచ్చుకున్నది ఇంకొక రాష్ట్రంలో. మన మార్కండేయ నది కూడా కోలారు సీమనుంచే ఇటు దిగి వస్తున్నది. దానికి యర్గోళు దగ్గర కర్నాటకమువారు ఆనకట్ట కట్టబూనినప్పుడు రెండు ప్రభుత్వాల మధ్య వ్యాజ్యం సుప్రీం కోర్టుదాకా పోయిన సంగతి మనకు తెలిసిందే. నీళ్ళకైతే కట్ట కట్టవచ్చు, పంచుకోవచ్చు, పోట్లాడుకోనూవచ్చు. మరి గాలి సంగతి ఏమిటి? ఈ నెల మేము చదువరుల ముందు పెట్టదలచుకున్నది ఆ గాలి సంగతే.

ఈ ఆలోచన మాకు పుస్తకాలు చదివి పుట్టలేదు, ఇంట్లోనే పుట్టింది. మా ఇంటి అబ్బాయి ఒకడు హొసూరులో ఉద్యోగానికి కుదిరి, పెద్ద రోడ్డుకు దాపున ఇల్లు తీసుకొని కాపురం పెట్టాడు. వాడి కూతురికి నాలుగేళ్ళు. ఆ పిల్లకు అక్కడ రాత్రిళ్ళు దగ్గూ, ఆయాసమూను. పండుగకు వేప్పనపల్లి వచ్చి పది రోజులుంటే హాయిగా నిద్రపోతుంది. తిరిగి పోగానే మళ్ళీ మొదలు.

"ఆ ఊరి గాలి పడలేదురా బిడ్డకు. ఇక్కడే వదిలిపెట్టి పో" అంటుంది జేజి.

"మరి బడి ఎట్లా జేజీ? వాళ్ళమ్మను విడిచి ఉంటుందా?" అంటాడు వాడు.

ఇద్దరి మాటా నిజమే. ఆ ఆయాసానికి లారీల పొగే కారణమని మేము తీర్పు చెప్పలేము. అది వైద్యులు తేల్చవలసిన మాట. కాని జేజి అన్న మాట మమ్మల్ని వదలలేదు. ఒక ఊరి గాలి ఎట్లా ఉండాలో ఎవరైనా నిర్ణయించారా? నిర్ణయించి ఉంటే, ఊళ్ళో రోడ్లు ఎక్కడ వేయాలి, బస్సులు ఎన్ని నడపాలి, లారీలు ఏ దారిన పోవాలి అనే ఏర్పాట్లకూ ఆ నిర్ణయానికీ సంబంధమేమైనా ఉన్నదా? తెలిసినవారిని అడిగీ, దొరికిన కాగితాలు చదివీ మేము తెలుసుకొన్నంతవరకు, సంబంధం ఉన్నది. ఉండవలసినంత గట్టిగా మాత్రం లేదు.

బండికి ఒక నియమం, గాలికి ఒక నియమం

ముందుగా ఒక తేడా గమనించాలి. పొగ విషయంలో నియమాలు రెండు రకాలు. మొదటిది బండికి సంబంధించినది; రెండవది గాలికి సంబంధించినది.

బండి నియమం మన హొసూరువారికి కొత్త కాదు. 1980లో టీవీఎస్ 50 అనే చిన్న బండి హొసూరునుంచే బయటికి వచ్చింది. పెట్రోలులో నూనె కలిపి పోసి, వెనుకనుంచి నీలిపొగ వదులుతూ పల్లెలన్నీ తిరిగిన ఆ బండిమీద పాలక్యానులూ, గడ్డిమోపులూ, ముగ్గురేసి పిల్లలూ ప్రయాణం చేసినవారే. ఆ నాడు పొగకు లెక్క లేదు. మన దేశంలో పెట్రోలు బండ్ల పొగకు 1991లో, డీజిలు బండ్లకు 1992లో తొలి నియమాలు వచ్చినవి. తరువాత 'భారత్ స్టేజి' అనే మెట్లు ఏర్పడినవి. రెండవ మెట్టు 2005లో, మూడవది 2010లో, నాలుగవది 2017లో దేశమంతటా అమలుకు వచ్చినవి. అయిదవ మెట్టును వదిలివేసి, 2020 ఏప్రిలు 1నుంచి ఒక్కసారే ఆరవ మెట్టు ఎక్కారు.

మెట్టు మారినప్పుడల్లా ఇంజను ఒక్కటే మారితే చాలదు. నూనె కూడా మారాలి. డీజిలులో గంధకం ఎక్కువగా ఉంటే, పొగను శుభ్రపరచడానికి బండికి అమర్చిన సాధనం చెడిపోతుంది. అందుచేత రెండవ మెట్టులో పదిలక్షల పాళ్ళకు 500 పాళ్ళుగా ఉన్న గంధకాన్ని ఆరవ మెట్టుకు వచ్చేసరికి 10 పాళ్ళకు దించారు. ఇంత పని వెనుక హొసూరు కర్మాగారాల చెమట కూడా ఉన్నది. అశోక్ లేలాండువారి లారీలూ, టీవీఎస్‌వారి బండ్లూ ఆ మెట్లన్నీ ఎక్కినవే. నేడు కరెంటుతో నడిచే స్కూటర్లు హొసూరులో టీవీఎస్, ఏథర్ సంస్థలూ, మన జిల్లాలోనే పోచంపల్లి దగ్గర ఓలా సంస్థా తయారు చేస్తున్నవి. దేశంలోని నగరాలకు పొగలేని బండ్లు మన జిల్లానుంచి పోతున్నవంటే మనకు గర్వంగానే ఉంటుంది.

అయితే బండి నియమానికి ఒక లోపం ఉన్నది. ఒక్కొక్క బండి ఎంత పొగ వదలవచ్చునో అది చెబుతుంది. ఊళ్ళో బండ్లు వెయ్యా, లక్షా అని అడగదు. కోడళ్ళు ఒక్కొక్కరూ చిటికెడే ఉప్పు వేసినా, పదిమంది వేస్తే పులుసు ఉప్పుకషాయమవుతుంది గదా! చిటికెలు లెక్కబెట్టి లాభం లేదు. పులుసు రుచి చూచేవారు ఒకరు కావాలి.

ఆ రుచి చూచేదే రెండవ నియమం. 1981లో మన పార్లమెంటు వాయు కాలుష్య నివారణ చట్టం చేసింది. దాని కింద నేడు అమలులో ఉన్న ప్రమాణాలను 2009 నవంబరులో ప్రకటించారు. గాలిలో తేలే అతి సూక్ష్మమైన ధూళి, అంటే మన తలవెంట్రుక మందంలో ఇరవయ్యోవంతుకన్నా సన్నగా ఉండి, ఊపిరితిత్తుల అడుగుదాకా పోయే రేణువులు, ఘనమీటరు గాలిలో ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించరాదు. దానికన్నా కొంచెం పెద్ద రేణువులను కూడా కలుపుకుంటే 60 మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2021లో చెప్పిన హద్దులు ఇంకా కఠినమైనవి: మొదటిదానికి 5, రెండవదానికి 15. మన ప్రమాణానికీ, వారి ప్రమాణానికీ ఎంత దూరమున్నదో చదువరులే చూచుకోవచ్చు.

ఈ రెండవ నియమమే రోడ్ల జోలికి వస్తుంది. ఊరిగాలి హద్దు దాటిందంటే, బండ్లు ఎంత మంచివైనా సరే, అవి తిరిగే మైళ్ళు తగ్గించాలి. జనం బస్సెక్కేటట్లు చూడాలి. లారీలకు వేరే దారి చూపాలి. బడి పక్కన పెద్ద రోడ్డు వేయకూడదు. అంటే మొత్తం ఊరి నక్షా మారాలి. మరి ఆ నక్షా గీసేవాడు గాలి మాట వినేటట్లు చేసేదెవరు?

అట్లాంటాలో ఆగిన రోడ్లు

ఈ ప్రశ్నకు ఒక గట్టి జవాబు అమెరికాలో దొరుకుతుంది. అట్లాంటా అంటే మనవారికి పరాయి ఊరు కాదు. ఆ నగరం చుట్టూ ఉన్న ఫోర్సైత్, ఫుల్టన్, గ్విన్నెట్ కౌంటీలలో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడినవి. మన ప్రాంతంనుంచి పోయిన పిల్లలు కూడా అక్కడ ఉన్నారు. వారు నేడు తిరిగే రోడ్లకు ఒక కథ ఉన్నది.

అమెరికావారి గాలి చట్టం 1970 నాటిది. 1990లో దానిని సవరించి ఒక చిన్న మెలిక పెట్టారు. గాలి హద్దు దాటిన ప్రాంతంలో కొత్తగా రోడ్లు వేసుకోవాలంటే, ఆ రోడ్ల పథకం గాలిని బాగుచేసే పథకానికి ఒప్పినట్టు లెక్క వేసి చూపించాలి. లెక్క కుదరకపోతే కేంద్రంనుంచి రోడ్లకు వచ్చే డబ్బు నిలిచిపోతుంది. కాగితంమీద ఇది చిన్న మాటే. కాని 1998లో అట్లాంటా పథకం ఆ లెక్కకు నిలువలేదు. ఆ నగరం రోజురోజుకూ పక్కలకు పరచుకుంటూ పోయింది. మనిషి మనిషికీ కారు. పనికి పోవడానికి ముప్ఫయి నలభై మైళ్ళు. ఫలితంగా కొత్త రోడ్లకు కేంద్ర ధనం ఆగిపోయింది.

రోడ్లు ఆగేసరికి వ్యాపారులూ, పాలకులూ ఉలిక్కిపడ్డారు. 1999లో జార్జియా రాష్ట్రంవారు ప్రాంతమంతటికీ కలిపి ఒక రవాణా అధికార సంస్థను ఏర్పాటు చేశారు. దూరపు శివారులనుంచి నగరానికి 2004లో ఆ సంస్థ బస్సులు నడపసాగింది. నగరం నడుమ మూతపడిన పాత ఉక్కు కర్మాగారం స్థలంలో ఇళ్ళూ, అంగళ్ళూ, కార్యాలయాలూ ఒక్కచోట కడతామనీ, జనానికి కారు ప్రయాణం తగ్గుతుందనీ లెక్క చూపినందుచేత, రోడ్ల డబ్బు ఆగి ఉన్న ఆ రోజుల్లోనే అక్కడికి పోయే వంతెనకు అనుమతి దొరికింది. ఇళ్ళు ఎక్కడ కట్టాలన్నది కూడా గాలి లెక్కలో చేరిందన్నమాట. 2000లో కొత్త పథకం ఒప్పుదల పొందిన తరువాతే మిగిలిన రోడ్లకు దారి తెరుచుకుంది.

ఈ కథలో మనం గుర్తుంచుకోవలసినవి రెండు. గాలికీ రోడ్డుకూ మధ్య డబ్బు ముడి వేశారు, అది మొదటిది. ఆ హద్దును అట్లాంటా నగరానికి మాత్రమే గీయక, చుట్టూ ఉన్న 13 కౌంటీలకు కలిపి గీశారు, అది రెండవది. నగరంలో పొగ తగ్గించి శివారుమీదికి నెట్టితే లెక్క కుదరదు. రెండూ ఒకే ఖాతాలో పడతవి. ఈ రెండవ మాట మన హొసూరుకు ఎంత కావలసినదో ముందు మనవి చేస్తాము.

ఢిల్లీ, హైదరాబాదు

మన దేశంలో ఈ పని చట్టంకన్నా ముందు కోర్టు చేసింది. ఢిల్లీ గాలిమీద 1985లో దాఖలైన ఎం. సి. మెహతా వ్యాజ్యంలో సుప్రీం కోర్టువారు 1998 జూలైలో ఒక ఆజ్ఞ ఇచ్చారు: ఢిల్లీ నగర బస్సులన్నీ డీజిలు వదిలి సహజవాయువుతో నడవాలి. గడువులు దాటినవి, బస్సులకోసం జనం గంటల తరబడి నిలిచారు, గ్యాసు బంకుల దగ్గర బారులు తీరినవి. చివరకు 2002 ఆఖరుకు ఆ మార్పు పూర్తయింది. 2003 ఆగస్టులో అదే కోర్టు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్నం మొదలైన నగరాల పేర్లు చెప్పి, అక్కడ కూడా గాలిని బాగుచేసే పథకాలు తయారు చేయాలన్నది.

ఆ తరువాత హైదరాబాదులో ఏమి జరిగిందో మన బంధువులను చూడబోయినప్పుడు మనమే చూచినాము. 2003లో ఎంఎంటీఎస్ రైళ్ళు వచ్చినవి. 158 కిలోమీటర్ల బయటి వలయరహదారి వచ్చి, నగరంలో పని లేని లారీలకు వేరే దారి చూపింది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. 2019లో విమానాశ్రయానికి కరెంటు బస్సులు వచ్చినవి. ఇవన్నీ గాలికోసమే జరిగినవని అనలేము. జనం రద్దీ, భూముల ధర, రాజకీయం అన్నిటికీ అందులో పాలు ఉన్నది. అయినా కరెంటు బస్సులకు కేంద్రం డబ్బు ఇవ్వడానికి గాలి ఒక ముఖ్య కారణం. 2025లో కేంద్రం అయిదు నగరాలకు 10,900 కరెంటు బస్సులు కేటాయిస్తే, అందులో హైదరాబాదుకు 2,000, బెంగుళూరుకు సుమారు 4,500 దక్కినవి. తిరుమల కొండ ఎక్కే భక్తులు 2022నుంచి ఘాట్‌రోడ్డులో కరెంటు బస్సులు చూస్తూనే ఉన్నారు. ఆ బస్సులు తయారుచేసే సంస్థ కూడా హైదరాబాదుదే.

అమెరికాలో లాగా డబ్బు ముడి ఇక్కడ కూడా కొంత పడింది. 2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ శుద్ధవాయు కార్యక్రమంలో సుమారు 130 ఊళ్ళు ఉన్నవి. వరుసగా అయిదేళ్ళు గాలి హద్దు దాటినవే ఆ జాబితాలో ప్రధానంగా చేరినవి. పదిలక్షలకు మించిన జనాభాగల పెద్ద నగరాలకు పదిహేనవ ఆర్థికసంఘంవారు గాలి మెరుగుదలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టారు. ఉద్దేశం మంచిదే. కాని ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రంవారు 2024లో లెక్క తీస్తే, ఖర్చయిన డబ్బులో 64 శాతం రోడ్డు దుమ్ము పనులకే పోయినదని తేలింది. బండ్ల పొగ తగ్గించే పనులకు దక్కింది సుమారు 13 శాతం. దుమ్ము కంటికి కనబడుతుంది. దానిని ఊడ్చితే పని జరిగినట్టు కూడా కనబడుతుంది. బస్సులు పెంచడం, లారీల దారి మార్చడం అంత సులువుగా కనబడే పనులు కావు.

జాబితాలో లేని హొసూరు

ఇక మన సంగతికి వద్దాము. ఆ ఊళ్ళ జాబితాలో ఆంధ్రప్రదేశ్‌వి 13 ఉన్నవి. మన పక్కనున్న చిత్తూరు కూడా అందులో ఒకటి. తెలంగాణలో హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరువు ఉన్నవి. కర్నాటకంలో బెంగుళూరు ఉన్నది. తమిళనాడులో చెన్నపట్నం, మదురై, తిరుచ్చి, తూత్తుకుడి ఉన్నవి. హొసూరు లేదు, కృష్ణగిరి లేదు.

జాబితాలో లేకపోవడం మంచిదే గదా అని కొందరు అనవచ్చు. రోగం లేనివాడి పేరు ఆసుపత్రి పుస్తకంలో ఉండదు, నిజమే. కాని ఆసుపత్రికి పోనివాడి పేరు కూడా ఉండదు! హొసూరు 2019లో నగరపాలక సంస్థ అయింది. ఉత్తరానికీ దక్షిణానికీ పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఊరిని చీల్చుకుంటూ పోతున్నది. చెన్నపట్నంనుంచి బెంగుళూరుకు పోయే సరుకులో చాలాభాగం కృష్ణగిరి మీదుగా ఆ దారినే వస్తుంది. కృష్ణగిరి జిల్లా ముఖ్యపట్టణానికి నేటికీ రైలు లేదు. ఒకప్పుడు తిరుపత్తూరునుంచి చిన్న రైలు వచ్చేదట. అది గత శతాబ్దపు తొలి సగంలోనే మూతపడింది. అందుచేత మన మామిడికాయైనా, గ్రానైటు రాయైనా, చదువుకునే పిల్లవాడైనా రోడ్డెక్కక తప్పదు.

ఇప్పుడు అసలు మాట. బెంగుళూరు తన గాలిని, తన రద్దీని బాగుచేసుకోవడానికి లారీలను బయటికి పంపదలచింది. అది తప్పు కాదు; ఏ నగరమైనా అదే చేస్తుంది. అందుకు శాటిలైటు పట్టణాల వలయరహదారి అని సుమారు 280 కిలోమీటర్ల పెద్ద రోడ్డు వేస్తున్నారు. దాబస్‌పేట, దొడ్డబళ్ళాపురం, హొసకోట, ఆనేకల్లు మీదుగా వచ్చి, మన హొసూరును తాకి, కనకపుర, రామనగరం వైపు పోతుంది. బెంగుళూరులో పని లేని లారీ ఇక బెంగుళూరులో అడుగుపెట్టనక్కరలేదు. మరి ఆ లారీ ఏమవుతుంది? మాయమైపోదు గదా! మన పొలిమేర వెంట తిరుగుతుంది.

ఢిల్లీలో ఇదే జరిగింది. 2015లో సుప్రీం కోర్టువారు ఢిల్లీలో అడుగుపెట్టే సరుకు లారీలమీద పర్యావరణ పరిహార సుంకం విధించారు. రెండు నెలలకే దానిని రెట్టింపు చేశారు. 2018లో ఢిల్లీ చుట్టూ తూర్పు, పడమర వలయరహదారులు తెరుచుకున్నవి. నగరంలోనుంచి లారీలను తప్పించడానికి ఆ దారులు అవసరమే. కాని గాలి అక్కడితో ఆగదని వారికి త్వరలోనే తెలిసివచ్చింది. అందుచేత 2021లో పార్లమెంటు చట్టం చేసి, ఢిల్లీతోపాటు హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, పంజాబు ప్రాంతాలకు కలిపి ఒకే గాలి కమిషను నియమించింది. అట్లాంటావారు 13 కౌంటీలను కలిపినట్లే, ఢిల్లీవారు రాష్ట్రాలను కలిపారన్నమాట. బెంగుళూరు, హొసూరు, మాలూరు, కుప్పం, కృష్ణగిరి కలిసిన మన దిక్కుకు అటువంటి కమిషను లేదు. జూజువాడి దగ్గర లారీ ఆగి కాగితాలు చూపవచ్చును గాని, దాని పొగ ఏ చెక్‌పోస్టులోను ఆగదు.

ఒకరు నష్టపడతారని మరచిపోరాదు

ఇంత చెప్పి, రేపే పాత బండ్లన్నీ ఆపివేయాలి అంటే అది అన్యాయమవుతుంది. లండను నగరంవారి అనుభవం చూడండి. 1952 డిసెంబరులో బొగ్గు పొగ మంచుతో కలిసి వేలమందిని బలిగొన్న తరువాత, 1956లో వారు శుద్ధవాయు చట్టం చేసుకొన్నారు. మన కాలంలో 2019నుంచి, ఎక్కువ పొగ వదిలే బండి నగరం నడుమకు వస్తే రోజుకు ఇంతని రుసుము పెట్టారు. 2021లో ఆ హద్దును పెంచి, 2023 ఆగస్టులో నగరమంతటికీ వ్యాపింపజేశారు. చివరి మెట్టులో శివారువారు గట్టిగా ఎదురు తిరిగారు. నడుమ ఉన్నవారికి పాతాళరైలు ఉన్నది, మాకు కారు తప్ప గతి ఏమిటని వారు అడిగారు. పాత బండి వదిలేవారికి నగరంవారు కొంత డబ్బు ఇవ్వవలసి వచ్చింది.

ఆ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. పాత టెంపోలో మామిడికాయలు వేసుకుని మండీకి పోయే రైతును, 'నీ బండి పొగ వదులుతున్నది, ఆపు' అంటే, అతడికి వేరే దారి చూపవలసిన పూచీ అన్నవారిదే. మా ఇంటి అబ్బాయి సంగతే చూడండి. మోటారుసైకిలు మాని బస్సెక్కు అని మేము వాడికి చెప్పగలము. పని వేళకు బస్సు ఉంటే గదా! నియమం ముందు వచ్చి బస్సు వెనుక వస్తే జనం నియమాన్ని తిడతారు. బస్సు ముందు వస్తే నియమం వచ్చినట్టే తెలియదు. ఢిల్లీలో 1998 ఆజ్ఞ తరువాత జనం పడిన అవస్థ అంతా ముందుగా ఏర్పాటు లేనందువల్లనే.

మనం అడగవలసినవి

హొసూరు పెరుగుతున్నది, ఇంకా పూర్తిగా పెరిగిపోలేదు. ఢిల్లీ, అట్లాంటా పాడైపోయిన తరువాత దిద్దుకోవలసి వచ్చింది. మనకు ముందే దిద్దుకునే వీలున్నది. అందుచేత గ్రామసభలోనైనా, నగరసభ సభ్యుడు ఇంటికి వచ్చినప్పుడైనా మనం అడగదగినవి నాలుగు మాటలు మనవి చేస్తాము.

మొదటిది, కొలత. రహదారి పక్కన, బడుల దగ్గర, బస్సుస్టాండులో గాలిని కొలిచి, ఆ అంకె అందరికీ కనబడేటట్లు తెలుగులోను, అరవంలోను రాసి పెట్టాలి. కొలవని గాలికి ఏ జాబితాలోను చోటు ఉండదు.

రెండవది, కొత్త వలయరహదారి. దాని పక్కన లారీలు నిలిచే తావులు ఎక్కడ రాబోతున్నవి, వాటికి బడులూ ఇళ్ళూ ఎంత దూరమో ఇప్పుడే చూచుకోవాలి. ఒకప్పుడు మన దారుల వెంట నీడనిచ్చిన చింతచెట్లు రోడ్లు వెడల్పు చేసినప్పుడు చాలా పోయినవి. కొత్త దారికి చెట్లవరుస కూడా పథకంలోనే ఉండాలి.

మూడవది, బస్సులూ రైళ్ళూ. 2025 ఆగస్టులో బెంగుళూరు మెట్రో పసుపుదారి బొమ్మసంద్రందాకా వచ్చింది. అక్కడినుంచి హొసూరు దాపునే ఉన్నా, నడుమ రాష్ట్రపు గీత ఉన్నది. దానిని హొసూరుకు పొడిగించే విషయం పరిశీలనకు వచ్చింది గాని, రెండు రాష్ట్రాలూ ఒక మాటమీదికి రానిదే అది సాగదు. అంతవరకు ఆ రెండింటి నడుమ విరివిగా బస్సులు నడపడానికి మెట్రో అక్కరలేదు. రెండు ప్రభుత్వాలవారు అంతర్రాష్ట్ర పర్మిట్ల ఒప్పందంలో నాలుగు బస్సులు పెంచుకుంటే చాలు. వేప్పనపల్లినుంచి కుప్పానికీ, కృష్ణగిరికీ కూడా అంతే. కృష్ణగిరి రైలు మాట సరేసరి. దానిని అడగడం మానరాదు.

నాలుగవది అన్నిటికన్నా పెద్దది. మూడు రాష్ట్రాలవారు కలిసి కూర్చుని మన దిక్కు గాలికి ఒకే లెక్క వేయాలి. ఇది జరిగే పనేనా అని కొందరు నవ్వవచ్చు. ఢిల్లీ చుట్టూ జరిగింది గదా! మూడు రాష్ట్రాల మాట మన ఇళ్ళలో రోజూ వినబడుతూనే ఉంటుంది. వియ్యంకులు మూడు రాష్ట్రాలవారైనా పెళ్ళి లెక్క ఒకే పుస్తకంలో రాసుకుంటున్నాము. గాలి లెక్క అంతకన్నా చిక్కైనదేమీ కాదు.

ఇంతలో మన చేతిలో ఉన్నది కూడా చేయాలి. బండికి పొగ పరీక్ష సర్టిఫికెట్టు అంగట్లో కొన్న కాగితంలాగా కాక, నిజమైన పరీక్షగా చేయించుకోవడం. గేటు దగ్గర ఇంజను ఆపడం. పిల్లల బడి రోడ్డుకు ఎంత దూరమో ఇల్లు వెదికేటప్పుడు చూచుకోవడం. ఇవి చిన్న పనులే. వీటితో రహదారి పొగ పోదు. కాని అడిగేవాడి చేయి శుభ్రంగా ఉంటే అడిగిన మాటకు బలం ఉంటుంది.

పోయిన పండుగకు మా అబ్బాయి కుటుంబం వచ్చి పోయింది. బయలుదేరే రోజు తెల్లవారి జేజి మనుమరాలిని చంకనెత్తుకుని పెరటిలో వేపచెట్టు కింద చాలాసేపు నిలుచున్నది. "ఏం జేజీ, బస్సుకు వేళ కాలేదా?" అని వాడు తొందరపెట్టాడు.

"ఉండరా, బిడ్డను ఇంకో నాలుగు ఊపిర్లు పీల్చుకోనీ" అన్నది జేజి.

ఊపిరి మూటకట్టి పంపగలిగితే ఏ జేజి అయినా పంపేదే. అది కుదరదు గనుక, హొసూరులోనే ఆ పిల్ల హాయిగా ఊపిరి పీల్చే దారి మనం అడిగి తెచ్చుకోవాలి.